ఆఖరి పూత

"దగ్గరికి రాకు పెద్దాయనా! దుమ్ము పడ్తది!"

కొమురెల్లి అరుపుకు ముసలాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

నాచారంలోని ఆ ఫైబర్ షెడ్డులో పుట్టేవన్నీ నీళ్ల ట్యాంకులు, బాత్రూమ్ తలుపులు. వాటి నునుపు ఎవడికి కావాలి? ఈ పలక సంగతి వేరు. జీవన్ అనే కుర్రాడు థర్మకోల్ దిమ్మను నెల్లాళ్లు తన చేత్తో చెక్కి తెచ్చాడు. సముద్రంలో దీని మీద నిలబడి అలలపై జారతాడట.

హైదరాబాదులో సముద్రమెక్కడిదని షెడ్డంతా నవ్వింది. కొమురెల్లి నవ్వలేదు. తనను 'ఉస్తాద్' అని పిలిచినవాడు వాడొక్కడే మరి.

అలాంటివాడి పలక మీద మొదటిసారి వేసిన ఎపాక్సీ జిగురు పూతలో దుమ్ము పడి, పైనంతా గరుకు తేలింది. జీవన్ పలకను వేలితో తడిమి చూశాడు. మొహం చిన్నబోయింది.

"ఈసారి అద్దం లెక్క జేస్త తమ్మీ. నీ మొకం నీకే కనవడ్తది," అని మాటిచ్చాడు కొమురెల్లి.

ఆ మాట నిలబెట్టుకునే రోజు ఇదే. గరుకంతా అరగదీశాడు. నేల తడిపాడు, ఫ్యాను ఆపాడు. ఎపాక్సీ కలపబోతుంటే ఊడిపడ్డాడు ఈ ముసలాయన.

"ఏం గావాలె?"

ముసలాయన చిన్న తెల్లగుడ్డ మూట అందించబోయాడు.

"జీవన్‌ది... దీంట్ల కలుపు బిడ్డా."

"ఏంది గిది?"

"బూడిద."

మూట బల్ల మీద పెట్టి, పలకను ఒక్కసారి చూసి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

కొమురెల్లి తల పట్టుకున్నాడు. కొత్త ఆటో కొన్నా, కొత్త మిషన్ పెట్టినా దేవుడి విభూతి తెచ్చి పూసేవాళ్లకు ఇక్కడ కొదవా! జీవన్ ఇంటివాళ్లు ఏ గుట్ట మీది గుడి నుంచో తెచ్చి ఉంటారు. ముసలాయన కన్నీళ్లు కూడా భక్తితోనే కాబోలు. భక్తి మంచిదే. కానీ కలిపితే మళ్లీ గరుకే, పిలగాడి మొహం మళ్లీ చిన్నబోవడమే.

మూట విప్పి, చిటికెడు నొసటికి పెట్టుకున్నాడు. మిగిలింది చెత్తలో పారేయడానికి చేతులు రాలేదు. దేవుడి సొమ్ము పారే నీళ్లలో కలిపితే దోషం లేదంటారు. అక్కడ పారేది ఫ్యాక్టరీల మురుగు నాలా ఒక్కటే. గోడ వెనక్కి వెళ్లి, దండం పెట్టి అందులో వదిలేశాడు.

పూత అద్దంలా వచ్చింది.

సాయంత్రం షెడ్డు యజమాని ధర్మేందర్ వచ్చి, పలకలో తన మొహం చూసుకున్నాడు.

"మస్తుగొచ్చింది. పెద్దాయన తెచ్చింది కలిపినవా?"

"కలిపితె గరుకైతది గద సేట్. నాలాల ఇడిసిన. జీవన్‌ను రమ్మను, వచ్చి సూస్కుంటడు."

ధర్మేందర్ పలక మీది నుంచి మొహం తిప్పుకున్నాడు.

"జీవన్ ఏడికెల్లి వస్తడు కొమురెల్లీ? ఉప్పల్‌ల మెట్రో పిల్లర్ల కాడ లారీ గుద్ది పోయిండు. నీకు చెప్తె చెయ్యి వణుకుతదని దాచిన. ఇయ్యాల నేనే వచ్చి చెప్దామనుకున్న. వాళ్ల నాయిన నాకంటె ముందే వచ్చిండు, ఆయనే చెప్పిండనుకున్న."

"మరి ఆ విభూతి..." కొమురెల్లి చెయ్యి నొసటి మీదికి పోయింది.

"దేవుని విభూతి గాదు అది. జీవన్."