అయ్యగారు ఇచ్చిన సైకిల్

"వచ్చే యేడు పోదాం తీయ్," అన్నాడు నర్సింలు. నాలుగేళ్లుగా అదే మాట.

న్యాల్‌కల్ రోడ్డులో పాస్టరు ఏసుదానం అయ్యగారి స్మారకం కట్టి నాలుగేళ్లయింది. ఆయన వర్ధంతికి రమ్మని అక్కడి బాధ్యతలు చూసే ప్రవీణ ప్రతి యేడూ ఫోన్ చేస్తుంది. సరిగ్గా ఆ వారమే నర్సింలుకు నడుం పట్టేస్తుంది. ఈసారి భార్య అనంతమ్మ వినలేదు. నడుముకు మందు రాసి, జహీరాబాద్ బస్టాండు ముందు ఆటో ఎక్కించింది.

లోపల నల్లరాతి సమాధి. పక్కనే అద్దాల పెట్టెలో అయ్యగారి అరిగిన చెప్పులు. గోడకు పాలరాతి పలక. "తనకున్న ఒక్క సైకిల్‌ను నర్సింలు అనే పేద యువకుడికి ఇచ్చేసి, ఆపై ముప్పై ఏళ్లు ఊరూరా నడిచి సువార్త చెప్పారు."

నర్సింలు చెమట తుడుచుకున్నాడు. రాతి మీద పేరు ఎక్కాలంటే చచ్చిపోవాలనుకునేవాడు ఇన్నాళ్లూ. సైకిల్ తొక్కినా చాలునని ఇప్పుడే తెలిసింది.

ప్రవీణ పూలదండ వేసింది. అద్దంలో తన మొహం చూసుకుంటే అతనికి జాతరకు సిద్ధం చేసిన మేక గుర్తొచ్చింది. వచ్చినవాళ్లు సెల్ఫీలు దిగారు. ఒక ముసలామె కాళ్లకు దండం పెట్టబోతే అంతెత్తున ఎగిరి వెనక్కి దూకాడు. పట్టేసిన నడుం ఏమైందని ఎవరూ అడగలేదు, అదే నయం.

సైకిల్ సంగతి చెప్పమన్నారందరూ. నర్సింలు మెడలో దండ సర్దుకోసాగాడు. అనంతమ్మ అందుకుంది. దాని మీదే ఈయన చక్కెర ఫ్యాక్టరీలో పనికి పోయేవాడట. దాని మీదే కోహీర్‌కు పెళ్లిచూపులకు వచ్చాడట. తన తండ్రి సైకిల్‌ను గుర్తుపట్టి, ఇది అయ్యగారిది కదా అని అడిగితే, అయ్యగారే ఇచ్చిన్రని ఈయన చెప్పాడట. అంతటి మనిషి పిలిచి ఇచ్చాడంటే పిల్లవాడు బుద్ధిమంతుడే అయి ఉంటాడని ఊరంతా అన్నదట.

ఆ మాట నిజమేనా అని ఎవరడిగినా అయ్యగారు నవ్వి ఊరుకునేవారని ప్రవీణ చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"నాదేం లేదు," అన్నాడు నర్సింలు. "నేను దర్జాగ సైకిల్ మీద తిరిగిన. ఆయన ఎండల నడిచిన్రు. గీ దండ నాకెందుకు?"

ఎంత వినయమో అనుకున్నారు. అతను వద్దన్నకొద్దీ చప్పట్లు పెరిగాయి.

జనం భోజనాలకు కదిలాక దండ తీసి చెప్పుల పెట్టె మీద పెట్టాడు. అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. గేటు దగ్గర అనంతమ్మ ఒక్కతే ఉంది.

"నీకొక ముచ్చట చెప్పాలె," అన్నాడు. "నలభై ఏండ్ల సంది కడుపుల పెట్టుకున్న. విన్నంక నువ్వు నాతోటి ఇంటికి వస్తవో రావో."

అనంతమ్మ కొంగుతో అతని మొహం తుడిచింది.

"ఆ సైకిల్ నువ్వు ఎత్తుకపోయినవని, అయినా పిల్లగాడు మంచోడే ఏమనకున్రని, పెండ్లికి ముందే అయ్యగారు మా నాయిన దగ్గరికి నడుసుకుంట వచ్చి చెప్పిపోయిన్రు."