కెరూబు ముఖం

ఒక మధ్యాహ్నం పున్నయ్య బోధన్‌లో రోళ్లు, ఇసుర్రాళ్లు చెక్కే లింబయ్య దగ్గరికి వచ్చాడు. పున్నయ్య కోటగిరి కాలువ కింద చెరకు వేసే ఆంధ్రా రైతు, క్రైస్తవుడు. వెంట మూడేళ్ల కూతురు చిట్టి.

"సమాధి రాయి కావాలి మేస్త్రీ. పైన రెక్కలున్న పసిపాప. ముఖం అచ్చం మా చిట్టిలా ఉండాలి."

"పేరేం చెక్కాలె అయ్యా?"

"అది ఆఖర్న చెబుతాను."

అలాంటి బొమ్మ లింబయ్య ఎన్నడూ చూడలేదు. చర్చికి పోయి పాస్టర్‌ను అడిగాడు.

"అది కెరూబు," అన్నాడు పాస్టర్. "బైబిల్ల కెరూబులంటే పసిపిల్లలు కారు. ఏదెను తోటకు కావలి నిలిచినోళ్లు. సూస్తే వణుకు పుట్టాలె. దొరల దేశం చిత్రకారులే వాళ్లను బొద్దు బుగ్గల పిల్లలను చేసిన్రు. ఇప్పుడు ముద్దుగున్న పిల్లలను గూడ దొరసానులు గదే పేరుతోని పిలుస్తరు."

"మరి సమాధి మీద?"

"పసిబిడ్డ పోతే చెక్కిస్తరు."

కాని చిట్టి బతికే ఉంది.

మర్నాటి నుంచి పున్నయ్య పిల్లను తెచ్చి రాయి ఎదుట కూర్చోబెట్టేవాడు. చిట్టి బెల్లంముక్క చప్పరిస్తూ నవ్వేది. రాతిలో ఆ బుగ్గ తేలేకొద్దీ లింబయ్య ఉలి ఆపి పిల్లనే చూసేవాడు.

"గీ సంగతి తల్లికి ఎరుకేనా అయ్యా?" లింబయ్య భార్య భూమవ్వ ఉండబట్టలేక అడిగింది.

పున్నయ్య పిల్లను ఎత్తుకుని బయల్దేరాడు.

అతను వెళ్లాక భూమవ్వ మొగుడి చేయి పట్టుకుంది. "ఆ రాయి పూర్తి చెయ్యకు. అయినంక ఆ పిల్ల ఉండది."

లింబయ్య బొమ్మ ముక్కు కావాలనే విరగ్గొట్టాడు. పున్నయ్య కోప్పడలేదు. బండి మీద ఇంకో రాయి తెచ్చి దించాడు.

"వానలు పడేలోపు కావాలి," అన్నాడంతే.

రెండో రాయి మీద ముఖం పూర్తయింది. పున్నయ్య పిల్లను ఎత్తుకుని, రాతి బుగ్గకు దాని బుగ్గ ఆనించి చూశాడు.

"సరిపోయింది. ఇక పేరు చెక్కు."

లింబయ్య సుత్తి కింద పడేశాడు. భూమవ్వ పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది.

"బతికున్న పిల్లకు గోరీ రాయా? నేను చెక్క! పోలీసోళ్లను పిలుస్త!" అని అరిచాడు లింబయ్య.

పున్నయ్య రాతి బుగ్గ మీది దుమ్ము తుడిచాడు.

"చెక్కాల్సిన పేరు రాధాకుమారి," అన్నాడు చివరికి, "దీన్ని కని, ముఖమైనా చూడకుండానే కన్నుమూసిన మా ఆవిడ."