హెడ్మాస్టరు జవాబు

"మళ్ళీ పెట్టావా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు పక్క సీటు మిత్రుడు, కుర్చీ దగ్గరికి లాక్కుని.

అతను తలెత్తలేదు. "పెట్టాను."

పెట్టింది కొత్త రౌటరు ప్రకటన. ఎక్కడయ్యా అంటే, నెట్‌వర్కులు నడిపే ఇంజనీర్ల మెయిలింగ్ లిస్టులో! ఎక్కడ కేబుల్ తెగినా, ఏ లైను పడిపోయినా వాళ్ళంతా ఒకరికొకరు రాసుకునే చోటది. అక్కడ సరుకు అమ్మకూడదు. చేరిన రోజే చెబుతారు. ఇతనేమన్నా కొత్తవాడా, పాతకాపు.

సభ్యులు దుమ్ము దులిపేశారు. "ఇది సంతా, లిస్టా?" అన్నాడొకడు. "మీ రౌటరు మీ నెత్తినే పెట్టుకోండి" అన్నాడింకొకడు. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. ఈమధ్య అతనికి ఏదీ తగలడం లేదు. టీ వేడిగా ఉందో చల్లారిందో కూడా తెలియడం లేదు.

లిస్టును చూసుకునే పెద్దను అందరూ హెడ్మాస్టరు అంటారు. అసలు పేరు లిస్టులో ఎక్కడా కనబడదు. మాట కరుకే కానీ మర్యాద తప్పరు. ఎవరైనా గీత దాటితే, పదిమందిలో పరువు తియ్యకుండా విడిగా రాస్తారు. ఇతనికి ఇప్పటికే రెండు హెచ్చరికలొచ్చాయి. రెండోదాని చివర ఒక ముక్క ఎక్కువ రాశారు: "శీర్షిక అంత పొడుగ్గా పెట్టకండి, చదివేవాళ్ళకు ఊపిరాడదు."

ఆ ముక్క అతను చాలాసార్లు చదువుకున్నాడు.

"ఈసారి నీ పేరు కొట్టేస్తారు. అది మేనేజర్ చెవిన పడిందా, నీ ఉద్యోగానికి ఎసరే" అన్నాడు మిత్రుడు. "అసలు నిన్నెవడు పెట్టమన్నాడ్రా? సేల్సు వాళ్ళే పెట్టలేదు కదా!"

"ఎవరూ పెట్టమనలేదు."

"పోనీ, ఒక్క క్షమాపణ రాసి పడెయ్. హెడ్మాస్టరు ఊరుకుంటారు."

"అదేరా నా భయం, ఊరుకుంటారని."

మిత్రుడు నోరెళ్ళబెట్టాడు. "నీతో మాట్లాడితే నాకూ ఎక్కుతుంది" అంటూ కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచాడు. జవాబు రాలేదు. మొహం కడుక్కొచ్చి చూశాడు. రాలేదు. ఈసారి అసలు రాయరేమోనని భయం పట్టుకుంది. బూట్లు విప్పి, లైటు వేసి, మళ్ళీ చూశాడు. వచ్చింది.

"అయ్యా, మీకు రెండుసార్లు మనవి చేశాం. మీ పేరు లిస్టులోంచి తీసేశాం. ఇకమీదట మీ ఉత్తరాలకు ఇక్కడి నుంచి జవాబు ఉండదు. సెలవు."

మెల్లగా చదివాడు. ఉద్యోగం సంగతి గుర్తుకే రాలేదు. ఏడుపొస్తుందేమో అనుకున్నాడు. అదీ రాలేదు. జవాబు ఉండదన్నది ఒక్కటే అర్థమైంది.

లోపలి గదిలో కంప్యూటరు మూసిన చప్పుడైంది. హెడ్మాస్టరు బయటికొచ్చి, ఏడాదిగా చేస్తున్నట్టే, పెదవి విప్పకుండా భర్త ముందు కంచం పెట్టి, మొహమైనా చూడకుండా వెళ్ళిపోయింది.