వెనక ఉండిపోయిన మనిషి

సైకిల్ ముగింపు గీత దాటాక ఛాంపియన్ వెనక్కి తిరిగి చూశాడు.

గుంపు ఇంకా నలభై సెకన్ల దూరంలో ఉంది.

గుంపును వదిలి ఒంటరిగా ముందుకు దూసుకుపోయి గెలవడం ఈ ఏడాది అతనికిది మూడోసారి.

అతని జట్టులో అందరికంటే చివర వచ్చింది తాత. వయసు ముప్ఫై ఎనిమిదే, పేరు అలా పడిపోయింది. ఈ ఏడాదే జట్టులో చేరాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు.

బస్సులో చొక్కా విప్పితే తాత పక్కటెముకలు నల్లగా కమిలి ఉన్నాయి. మోచేతి తోలు లేచిపోయింది.

"ఏం తాతా, మళ్లీ పడ్డావా?" అన్నాడు ఛాంపియన్.

"లేదు బాబూ. గుంపు కదా, మోచేతులు తగులుతుంటాయి."

"నాతో ముందుకొస్తే తగలవుగా."

బస్సంతా నవ్వింది. తాత కూడా నవ్వి, దూదితో రక్తం తుడుచుకున్నాడు.

సాయంత్రం కోచ్ ఛాంపియన్‌ని పిలిచాడు.

"ఆదివారం ఆఖరి రేసు. అది గెలిస్తే పెద్ద జట్టులో నీకు చోటు ఖాయం. ఒకణ్ని మార్చి కొత్తవాణ్ని పెడదామనుకుంటున్నా. ఎవర్ని తీసెయ్యను?"

"తాతని తీసెయ్యండి సార్. నాకు ఎదురుగాలి తగలకుండా ఒక్క నిమిషమైనా ముందు తొక్కాడా?"

రేసులో కోచ్ కారు ఎప్పుడూ ఛాంపియన్ వెనకే నడుస్తుంది. గుంపులో ఏం జరిగేదీ ఆయనకూ కనపడదు.

"నిజమే. నేనూ ఎప్పుడూ చూళ్లేదు."

కోచ్ ఆ మాట తాతకి చెప్పేశాడు. తాత సంచీ సర్దుకుని, వెళ్తూ ఛాంపియన్ దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"ఆఖరి రేసులో వెనక మనవాణ్ని ఒకణ్ని ఉంచుకో బాబూ."

"వెనకబడేవాళ్లకేం, మాకు చాలామందే ఉన్నారు తాతా."

ఆదివారం ఛాంపియన్ ఎప్పటిలాగే గుంపును వదిలి దూకాడు. కాళ్లు బాగానే ఆడుతున్నాయి. ఇంకా పదిహేను కిలోమీటర్లు.

పది నిమిషాలు తిరక్కుండానే వెనక చక్రాల హోరు వినపడింది.

గుంపు అతన్ని మింగేసింది. అతను ముప్ఫై ఒకటోవాడుగా గీత దాటేసరికి, అతన్ని చూడ్డానికొచ్చిన పెద్ద జట్టు మనిషి కారెక్కి వెళ్లిపోతున్నాడు.

నీళ్ల బల్ల దగ్గర ప్రత్యర్థి జట్టు నాయకుడు పక్కన చేరాడు.

"మీ ముసలాయన రాలేదేం?"

"తీసేశాం. ఏం?"

నాయకుడు సీసా మూత తిప్పుతూ అతని మొహంలోకి చూశాడు.

"నువ్వు ముందుకు పోగానే ప్రతి మలుపులో మాకు అడ్డమొచ్చి నింపాదిగా తొక్కేవాడు. మోచేతులతో ఎంత పొడిచినా పక్కకి జరిగితే ఒట్టు. ఇన్నాళ్లూ మేం దాటలేకపోయింది నిన్ను కాదు తమ్ముడూ, ఆయన్ని."