కొత్త కిడ్నీలు

ఏడేళ్ల మన్వితను కిడ్నీలు మార్పించడానికి అమ్మమ్మ భూదమ్మ దవాఖానకు తీసుకెళ్లింది. ఆ ఊళ్లో ఈ వయసుకు పిల్లలందరికీ మార్పించాల్సిందే. మిషన్ గంటలో కొత్తవి తయారుచేసి పెట్టేస్తుంది, నొప్పి కూడా ఉండదు.

ఒకప్పుడు రంగుల ఫ్యాక్టరీ గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నవాళ్లలో భూదమ్మే ముందుండేది. విషపు నీళ్లు చెరువులోకి వదలొద్దని వాళ్లు అడిగారు. ఫ్యాక్టరీవాళ్లు ఈ మిషన్ తెచ్చిచ్చారు. జనం డప్పులు కొట్టి, టెంటు విప్పేశారు. వద్దని భూదమ్మ కూడా అనలేకపోయింది. అప్పుడామె భర్త చావుబతుకుల్లో ఉన్నాడు. మొదటి కిడ్నీలు ఆయనకే పెట్టారు.

ఈమధ్య ఆమె మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది.

"గేటు కాడికి పోదాం రాండ్రి" అంటే పక్కింటి చంద్రకళ నవ్వింది. "ఇప్పుడెందుకు పెద్దమ్మా? ఖరాబైతే మార్పిచ్చుకుంటున్నం గదా!"

మన్విత మిషన్ మీద నుంచి దిగింది.

"గింతేనా? అమ్మమ్మా, దూపైతాంది" అంటూ వరండాలోని నల్లా దగ్గరికి ఉరికింది. అందులో వచ్చేవి ఆ చెరువు నీళ్లే.

"వద్దు బిడ్డా" అనబోయి భూదమ్మ ఆగిపోయింది. ఊళ్లో వేరే నీళ్లు లేవు. తనే నల్లా తిప్పి, దోసిలి పట్టి, మనవరాలికి తాగించింది.