తోడుకోని పాలు

మూడోసారి కూడా పెరుగు తోడుకోలేదు. గిన్నెలో విరిగిన ముక్కలు, పైన పచ్చటి నీళ్ళు.

ఆమెకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. గిన్నె సింకులో వంచేసి పక్కింటి తలుపు తట్టింది.

“అక్కా, ఇంకో చెంచా తోడు ఇస్తావా?”

“మళ్ళీనా? నా పెరుగంతా నీ మొగుడి మెడకే సరిపోయేట్టుంది!” పక్కింటావిడ నవ్వింది. “పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు వేస్తున్నావేమో.”

“వేలు పెట్టి చూస్తున్నానక్కా. గోరువెచ్చగానే ఉంటున్నాయి.”

ఆమె భర్త ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పుతాడు. నెల కిందట మెడ మీద మచ్చలు లేచాయి. తర్వాత వీపంతా పాకాయి. పిల్లల తల్లులు గొడవ చేశారు. మేనేజరు అతన్ని గట్టు మీదే ఆపేశాడు.

“సోమవారంలోగా డాక్టరు కాగితం తెండి మాస్టారూ. లేకపోతే వేరే మాస్టారు సిద్ధంగా ఉన్నాడు.”

“ఈ మచ్చలతో వెళ్తే డాక్టరు ఏమని రాస్తాడు? తగ్గించుకునే వెళ్దాం,” అన్నాడు అతను ఇంటికొచ్చి భార్యతో. ఇంట్లో తోడేసిన పులిసిన పెరుగు పూస్తే తగ్గుతుందని ఎవరో చెప్పారు. అప్పట్నుంచి ఇదే పని.

ఈసారి పక్కింటావిడ తోడు కాదు, ఏకంగా గిన్నెడు పెరుగే ఇచ్చింది. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి ఒక పూట బయట పులియబెట్టి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు పొద్దున్నే భర్తను స్టూలు మీద కూర్చోబెట్టి మెడకు రాసింది. అతను ఎగిరిపడ్డాడు.

“అబ్బా! మంచుగడ్డలా ఉందే!”

“అంత చల్లగా ఎక్కడుంది? మీరు మరీ సుకుమారం.”

అతను మెడ వంచి కూర్చున్నాడు. ఆమె రాస్తూ పోయింది. ఆ ఇంట్లో మాటలు తగ్గి చాలా రోజులైంది.

సోమవారం వచ్చింది. మచ్చలు పోలేదు. ఇక తప్పక ఇద్దరూ చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ అతని వీపు అర నిమిషం చూసింది.

“తామర. మామూలుదే. రెండు వారాలు ఈ మందు రాయండి, ఆ తర్వాత నీళ్ళలోకి దిగొచ్చు. పెరుగు తినండి, పూయకండి.”

“మరి నా ఉద్యోగం?”

“ఆ రెండు వారాలూ ఆగమని రాసిస్తున్నా. మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు.”

అతను గట్టిగా ఊపిరి వదిలాడు. నెల రోజుల్లో మొదటిసారి భార్యను చూసి నవ్వాడు. ఆమె నవ్వలేదు. కాగితం అందుకోవడానికి చెయ్యి చాపింది.

డాక్టరమ్మ కాగితం ఇవ్వలేదు. ఆమె చెయ్యి పట్టుకుంది. చూపుడు వేలి కొసన బొబ్బ చితికి ఉంది.

“ఇదెప్పుడు కాలింది?”

“కాలిందా?” ఆమె తన వేలిని తనే వింతగా చూసుకుంది.

డాక్టరమ్మ సొరుగు లాగి సన్నటి సూది తీసింది.

“కళ్ళు మూసుకోండమ్మా. ఒక్కో వేలికీ తగిలిస్తాను. తగలగానే చెప్పండి.”

ఆమె బుద్ధిగా కళ్ళు మూసుకుంది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఎదురుగా కూర్చున్న భర్త ముఖం మెల్లగా పాలిపోయింది.

సూది మూడో వేలిలో దిగబడి ఉండగా, “గుచ్చండి డాక్టరుగారూ, నాకేం భయం లేదు,” అంది ఆమె.