తొట్టిలో పొన్నగంటి

కూర్చుంటే కాలు ఊగుతోంది. లేస్తే చెయ్యి వణుకుతోంది. కాన్పుల వార్డు ముందు వరండాలో కిరుండా ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నాడు. సరస్సు ఒడ్డునున్న ఆ ఊరికి నిన్ననే వచ్చాడు. లోపలికి వెళ్లి చూసినప్పుడల్లా సిస్టర్ ముటేసి "మత్తిచ్చే ఆయన రానివ్వండి, అందాకా బయట కూర్చోండి" అని పంపేస్తోంది.

బయట వాన. లోపల నుంచి ఉండుండి ఒక మూలుగు. అది వినబడితే అతని అడుగు ఆగిపోతోంది.

"ఆ నేల ఇప్పుడే తుడిచాను," అంది ఆయా నైగగా. "తిరిగితే బిడ్డ తొందరగా పుడుతుందని ఎవరైనా చెప్పారా నీకు?"

బెంచీ మీద కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న మనిషి నవ్వాడు. అతని పేరు వాంబుజి. సరస్సులో చేపలు పడతాడు.

"వదిలెయ్యి అవ్వా, కంగారుపడుతున్నాడు పాపం. ఏం తమ్ముడూ, మొదటిదా?"

"మొదటిదే అన్నా."

"అదీ సంగతి. నాకిది మూడోది. ఈసారి బిడ్డ అడ్డం తిరిగిందట, కోసి తీయాలన్నారు. ఆ మత్తాయనేమో వంతెన దగ్గర ఆగిపోయాడు. నువ్వూ ఆయన కోసమేనా?"

"ఆయన కోసమే."

"తోడెవరూ రాలేదా?"

"ఒక పెద్దాయన వస్తానన్నాడు. కంపాలాలో చిక్కుకుపోయాడు. ఒక్కణ్ణే."

వాంబుజి గుప్పెడు కాయలు అతని చేతిలో పోశాడు. కిరుండా తినలేదు. మూలనున్న అద్దాల తొట్టిని చూస్తున్నాడు. అందులో మొక్కలు నల్లబడి, జిగురు పట్టి, వేలాడుతున్నాయి. రెండు బంగారు చేపలు నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

కాయలు బెంచీ మీద పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, తొట్టిలో చెయ్యి పెట్టాడు.

"ఏయ్, తియ్యి చెయ్యి," అంటూ నైగగా వచ్చింది. "అది దాతలిచ్చిన తొట్టి. మొక్కలు కూడా కంపాలా నుంచి తెప్పించారు. బోలెడు ఖరీదు."

"ఖరీదైనవే అవ్వా, కానీ కుళ్లిపోయాయి. వాసన చూడు. చేపలకు ఊపిరాడట్లేదు."

"నీ గొడవ నీకుండగా చేపల గొడవ నీకెందుకయ్యా?"

"ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉంది."

ఆమె అతని మొహంలోకి చూసింది. విసుక్కుంటూనే వెళ్లి బకెట్ తెచ్చి, చూరు కింద వాననీళ్లకు పెట్టింది.

కిరుండా వానలోకి పరుగెత్తాడు. వార్డు వెనక కారే కుళాయి కింద ఎప్పటినుంచో నేల చిత్తడి బాడవ అయిపోయింది. అక్కడ పొన్నగంటి, సరస్వతి ఆకు, తుంగ ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతున్నాయి. ఒక కట్ట పీక్కొచ్చాడు. వాళ్లమ్మ వీటినే పగిలిన బేసిన్లలో పెంచి, చేపల తొట్లకూ పెరటి నీటిగుంటలకూ అమ్మేది. ఆ బురదలోనే పెరిగాడు. ఏది నిలువునా మునిగినా బతుకుతుందో, దేని తల పైకి ఉండాలో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

వేళ్లకు మట్టి లేకుండా కడిగాడు. జేబులోంచి చిన్న కత్తెర తీశాడు.

"కత్తెర జేబులో పెట్టుకు తిరుగుతావా?" అన్నాడు వాంబుజి.

"అలవాటైపోయింది."

పొన్నగంటి కాడలకు కింది ఆకులు కత్తిరించి, గులకరాళ్లలోకి ఒక్కొక్కటే గుచ్చాడు. సరస్వతి ఆకును ముందువైపు పరిచాడు. తుంగను మూలకు కట్టాడు, వేళ్లు నీళ్లలో, తలలు పైన. నైగగా సగం నీళ్లు తోడి పారబోసింది. కొత్త నీళ్లు అతనే సన్నగా పోశాడు.

"ఇవి మా రేవు గట్టున తొక్కుకుంటూ పోయే మొక్కలే కదా. నీళ్లలో ముంచితే చావవూ?" అన్నాడు వాంబుజి.

"ముందు ఆకులన్నీ రాలుస్తాయన్నా. చచ్చిపోయాయనే అనుకుంటారు అందరూ. మా అమ్మ మాత్రం పీకనిచ్చేది కాదు. కాస్త అలవాటు పడితే నీళ్ల లోపలే కొత్త చిగురు వేస్తాయి."

"నీ చెయ్యి చూసుకున్నావా? వణుకు పోయింది."

కిరుండా చెయ్యి వంక చూసుకున్నాడు. నిజమే.

అప్పుడే లోపల నుంచి పెద్ద కేక. కత్తెర జారి తొట్టిలో పడింది.

వాంబుజి ఒళ్లో కాయలు నేలపాలయ్యాయి. "అది మా ఆవిడ నంగోబి గొంతు," అన్నాడు. అతని మొహంలో నవ్వు పోయింది. "నీకు ధైర్యం చెబుతున్నాను గానీ తమ్ముడూ, నాకూ లోపల దడగానే ఉంది."

"ఏం కాదన్నా," అన్నాడు కిరుండా.

"అవును, ఏమవుతుందిలే. లోపల డాక్టరున్నాడుగా. వాళ్లకిది రోజూ ఉండే పనే."

కిరుండా వంగి, నీళ్లలో కత్తెర కోసం తడిమాడు.

మోటారుసైకిలు వచ్చి గుమ్మంలో ఆగింది. తడిసి ముద్దయిన మనిషి ఒకడు సంచీ గుండెలకు హత్తుకుని లోపలికి పరుగెత్తాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. సిస్టర్ ముటేసి బయటికి వచ్చింది.

వాంబుజి ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"సిస్టర్, మాకిది కొత్త కాదు, ఎలాగో ఓర్చుకుంటాం. ముందు ఈ తమ్ముడి భార్యను తీసుకెళ్లండి. కుర్రాడు తట్టుకునేలా లేడు."

ఆమె అర్థం కానట్టు అతన్ని చూసి, మోచేతుల దాకా బురదతో నిలబడ్డ కిరుండా వైపు తిరిగింది.

"డాక్టరుగారూ, నంగోబిని బల్ల ఎక్కించాం, చేతులు కడుక్కుని రండి."